సందులో లేని గుంత

పోయిన ఆదివారం మా బళ్ళారి గాంధీనగర్‌లో కొత్తగా లేచిన బట్టల దుకాణానికి మా ఆవిడా, మా అమ్మాయీ కలిసి నన్ను తీసుకుపోయారు, సంచులు మోయడానికి. దుకాణమంటే మనం చిన్నప్పుడు చూసిన దుకాణం అనుకునేరు. పై అంతస్తులో చీర ఎంచుకుని కింది అంతస్తుకు దిగేలోపల ఆ చీర ఫ్యాషన్ పాతబడిపోతుంది, అంత పెద్దది. తలుపు దానంతటదే తెరుచుకుంది కదా అని దర్జాగా లోపల అడుగు పెట్టానో లేదో, నా కాళ్ళ ముందు నేల లేదు. పాలరాయి పగిలి పెద్ద లోయ, అడుగున ఎక్కడో నీలంగా ఉరుకుతున్న నీళ్ళు, మధ్యలో మనిషి ఒకడు పట్టేంత చెక్క వంతెన. నేను ఒక చేత్తో ప్యాంటు మోకాళ్ళదాకా ఎత్తిపట్టి, రెండో చేత్తో పక్కనున్న మనిషిని వాటేసుకున్నాను. ఆ మనిషి దుకాణం సెక్యూరిటీ ఆయన. పాపం, ఇలాంటి వాటేసుకోళ్ళకు అలవాటు పడినట్టున్నాడు, నా వీపు తట్టి పెయింటింగే సార్, ఏమీ కాదన్నాడు.

నేల మీద రెండు పాదాల బొమ్మలు అంటించి, ఇక్కడ నిలబడి ఫోటో తీసుకోమని కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసిపెట్టారు. జనం వరసగా వచ్చి, ఆ పాదాల మీద నిలబడి, వంతెన మీద తమవాళ్ళను నిలబెట్టి, ఫోన్ ఎత్తి, టక్కున నొక్కి, ఫోన్లో చూసుకుని నవ్వి వెళ్ళిపోతున్నారు. నేలవంక చూసినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. నా వంతు వచ్చింది. నేను ఫోన్ తీయలేదు. ఎందుకో తెలియదు, నా ఒళ్ళు తనంతట తానే ఎడమ కన్ను మూసి, మోకాళ్ళు రవ్వంత వంచింది. మా ఆవిడ జబ్బ మీద గిల్లి, "ఏంది ఆ కన్ను కొట్టేది, అందురూ చూస్తాండారు" అని పళ్ళ మధ్యన అంది. నాకు మాత్రం ఆ కన్ను మూసిన చీకట్లో మా మామ కనిపించాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. సత్యనారాయణపేటలో మా ఇంటి ఎదురిల్లే ఆయనది. సినిమా హాళ్ళకు బ్యానర్లు వేసేవాడు. మన ఈడు వాళ్ళకు ఆ బ్యానర్లు ఎంతుండేవో చెప్పనక్కర్లేదు, అయినా చెప్తాను, చెప్పకపోతే నాకు అన్నం అరగదు. హీరో మీసం ఒక్కదానికే డబ్బాడు నల్లరంగు ఖర్చయ్యేది. హీరోయిన్ బుగ్గ మీద మా సందు పిల్లలంతా కూర్చుని మధ్యాహ్నం బొరుగులు తినేవాళ్ళం, పుట్టుమచ్చ దగ్గర కూర్చునే హక్కు కోసం కొట్టుకునేవాళ్ళం. ఆరడానికి జాగా చాలక ఒకసారి విలన్ కళ్ళను మా మిద్దె మీద పరిస్తే, మా అవ్వ వారం రోజులు వడియాలు ఎండబెట్టడానికి పైకి పోలేదు.

ఆయనకొక అలవాటు ఉండేది. దేన్ని చూసినా ఎడమ కన్ను మూసి, చెయ్యి ముందుకు చాచి, బ్రష్షును బొటనవేలితో పట్టి కొలిచేవాడు. పని ఉన్నా లేకున్నా అదే వరస. ఎదురుగా బస్సు వస్తుంటే కూడా పక్కకు తప్పుకోకుండా కన్ను మూసి దాని ఎత్తు చూసేవాడు. గాంధీనగర్‌లో ఎవరి ఇంటి గేటుకో పేరు రాయడానికి పోయి, మిద్దె వసారా ఎంత ముందుకొచ్చిందో కొలుద్దామని పైకి చూసి కన్ను మూస్తే, ఆ వసారాలో ఆ ఇంటి ఇల్లాలు బట్టలు ఆరేసుకుంటూ ఉంది. పంచాయితీ మా ఇంటిదాకా వచ్చింది. మా నాయన వెళ్ళి, వాడు నీళ్ళ ట్యాంకుకు కూడా ఇట్లే కన్ను కొడతాడమ్మా, వాణ్ణి పట్టించుకోవద్దని చెప్పి, ట్యాంకు ముందు నిలబెట్టి రుజువు కూడా చూపించి వచ్చాడు.

ఎందుకు మామా ఆ కన్ను మూసేది అని అడిగితే ఆయన చెప్పే సంగతి నాకిప్పటికీ గుర్తుంది. "రెండు కండ్లు తెరిస్తే ఒకటి నమ్మిన దాన్ని ఇంకోటి పట్టిస్తాదప్పా. గోడ ఉత్త గోడే అని చెప్పేస్తాది. ఒకదాన్ని పండబెట్టు, అప్పుడు బొమ్మ తలుపు తీస్తాది" అనేవాడు. నాకు తలుపు సంగతి అర్థం కాలేదు కానీ, ఆయన చెప్పినట్టు ఒక కన్ను మూసి చూస్తే, బ్యానరు మీది హీరో ముక్కు నిజంగానే గుడ్డలోంచి బయటికి పొడుచుకొచ్చి, ఇంకొంచెం ఉంటే తుమ్మేలా ఉండేది.

అటువంటి మామ మీద ఫ్లెక్సు వచ్చి పడింది. మామ పది రోజులు వేసే బొమ్మను ఆ యంత్రం టీ చల్లారేలోపల కక్కేది. హాళ్ళవాళ్ళు మొదట మొహమాటపడ్డారు, తర్వాత మొహం చాటేశారు. నేనప్పటికి ఇనుప ఖనిజం లారీల ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరి ఉన్నాను. బళ్ళారి అంతా భూమిని తవ్వి లారీలకెత్తే రోజులవి. ఊరి మీద ఎర్రదుమ్ము ఎంత పేరుకునేదంటే, ఇడ్లీ ఆర్డరిస్తే ఎర్రగా వస్తుందేమోనని భయం. ఊరంతా గుంతలు తవ్వి బాగుపడుతుంటే మామ మాత్రం గడపలో కూర్చుని, ఎండిన బ్రష్షులను కిరసనాయిలులో ముంచి తీసి, మళ్ళీ ఎండబెట్టేవాడు.

అత్త ఇంట్లోనే జీన్సు ప్యాంట్ల దారాలు కత్తిరించే పని పట్టింది. మూటలు మూటలుగా తెచ్చి పడేస్తే పొద్దస్తమానం కత్తెరతో కూర్చునేది. వేళ్ళు నీలంగా మారిపోయి, సాంబారు కలిపితే అన్నం కూడా నీలమవుతుందని మేం ఏడిపించేవాళ్ళం. ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. వాళ్ళన్నకు గుంతకల్లులో పిండిమర ఉంది. ఆయన మామను రమ్మన్నాడు, మర దగ్గర కూర్చుని గోధుమలు పోస్తూ పిండి పడుతుంటే చాలన్నాడు, వెనకాల ఉండటానికి గది కూడా ఇస్తానన్నాడు. మామ వద్దన్నాడు. అత్త మాటలు మానేసింది. మానేసే ముందు చివరిగా ఆమె అన్న మాట మా ఇంటిదాకా వినిపించింది.

"వినాయకుణ్ణి సాగనంపే పొద్దు మా అన్న టెంపో తీసుకోని వస్తాండాడు. అంతలోపల ఈ ఊర్లో ఎవరన్నా నిన్ను పిలిచి ఒక గోడ ఇచ్చినారంటే సరి. లేకపోతే నోరు మూసుకోని టెంపో ఎక్కు."

ఆ సాయంత్రం మామ నా దగ్గరికి వచ్చి, "రంగుల్లో బతికినోణ్ణి నాయనా, తెల్లగా చేసి పారేస్తారు" అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు కానీ, కన్ను మూయలేదు. రెండు కళ్ళతోనూ నన్ను చూశాడు. మామ అట్లా చూడటం నేనెప్పుడూ చూసి ఎరగను.

మరుసటి రోజు పొద్దున్నే మా సందు చివరి కిరాణా అంగడాయన దగ్గరికి నన్ను లాక్కుపోయాడు. చవితి పందిరికి ఆయనే పెద్ద. వినాయకుడి వెనక ఫ్లెక్సు కట్టిస్తున్నాం, నీ పని ఏం లేదప్పా అని ఆయన మొదలుపెడితే, మామ ఆ మాట కోసమే కాచుకున్నట్టు, "వెనకాల ఆ ఫ్లెక్సోణ్ణే కట్టుకోమను. పైన గూడా వాణ్ణే కట్టుకోమను. నేల మీద ఏం కడతాడు వాడు? నాకు నేల ఇడుచు" అన్నాడు. నేలకు అద్దె లేదు కాబట్టి అంగడాయన ఒప్పుకున్నాడు.

మామ వేయదలచుకున్నది మామూలు బొమ్మ కాదు. ఊరంతా భూమి తవ్వుతుంటే వినాయకుడి ఎలుక మాత్రం ఊరుకుంటుందా, అదీ తవ్వింది. ఎలుక తవ్విన గని అది. పందిరి ముందు సిమెంటు నేల పగిలి, ఎర్రటి అంచెలు అంచెలుగా కిందికి, ఇంకా కిందికి, పాతాళం ఒక మెట్టు దాటినంత దూరం దిగిపోయి, అట్టడుగున చీమలంత లారీలు. పై అంచు పట్టుకుని ఎలుక బయటికి ఎక్కి వస్తూ, స్వామికి ఒక కడుబు, అంటే కుడుము, అందిస్తూ ఉంటుంది. బంక కలిపిన పొడిరంగులు సరిపోక, ఎరుపు కోసం మా లారీల ఆఫీసు ముందర ఊడ్చిన దుమ్మునే చేటల్లో ఎత్తి ఇచ్చాను. ఒక్క చేట ఎత్తితే అడుగున ఇంకో రెండు చేటలు పుట్టేవి.

వేసే పద్ధతి చూస్తే మతిపోయేది. పందిరికి కొంచెం ఎడంగా ఒక వెదురు కర్ర పాతి, మనిషి కంటి ఎత్తున దానికి మేకు కొట్టి, మేకుకు పురికొస కట్టి, నన్ను పట్టుకోమని నేలంతా లాగించాడు. ఆ మేకు దగ్గర కన్ను పెట్టినవాడికి గుంత గుంతలాగా కనపడాలంటే, దూరంగా ఉండే గీత నేల మీద సాగి సాగి పోవాలట. అందుకని మామ వేసిన ఎలుక, దగ్గరికి పోయి చూస్తే, ముక్కు అంగడాయన గడప దగ్గర, తోక మా ఇంటి మెట్ల దగ్గర ఉండేది. చూసినవాళ్ళు చూసినట్టు ఇదేందప్పా, వినాయకుడి ముందర మొసలిని పడుకోబెట్టినాడు అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. మామ మాత్రం కర్ర పీకేస్తూ, జనం ఈ ఒక్క చోట నిలబడితే చాలు, ఊరు ఊరంతా వచ్చి చూస్తుందని ఉబ్బిపోయాడు. అత్తతో మాటల్లేవు కాబట్టి, గోడతో చెప్పినట్టు, ఈ చోట జనానికి తెలిసేలా ఏదన్నా గుర్తు పెడితే బాగుండు అని గట్టిగా అన్నాడు. గోడ వినలేదు, అత్త వింది.

చవితి పొద్దున లేచి చూస్తే, కర్ర పాతిన చోట అత్త గుర్తు పెట్టి ఉంది. కల్లాపి చల్లి, తామరపువ్వు ముగ్గు వేసి, రేకు రేకుకూ పసుపూ కుంకుమా పెట్టి, నడుమ ఒక బంతిపువ్వు. కోపంలో ఉన్నా చేతిపనిలో తేడా రానివ్వని మనిషి. ఆ ముగ్గు చూసి మామ గడపలోనే కూలబడిపోయాడు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. పండగనాడు పసుపుకుంకాలు పెట్టిన ముగ్గు మీద కాలు పెట్టేవాడు మా బళ్ళారిలో ఇంకా పుట్టలేదు. వచ్చిన జనం వచ్చినట్టు ఆ ముగ్గు దగ్గరికి రాగానే చీలిపోయి, అటు కొందరు, ఇటు కొందరు, చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. తప్పతాగి వచ్చినవాడు కూడా, సొంత ఇల్లు ఏదో తెలియనివాడు, ఆ ముగ్గు దగ్గర మాత్రం తడబడకుండా పక్కకు తిరిగాడు. కొందరు ఆడవాళ్ళు దానికి వంగి దండం పెట్టి, నడుమ ఇంకొన్ని పూలు వేశారు. సందులో అడుగు పెట్టదగిన చోట్లు వెయ్యి ఉంటే, బొమ్మ తలుపు తీసే చోటు ఆ ఒక్కటే. దానిమీద తప్ప జనం అన్నిచోట్లా నిలబడ్డారు. నిలబడి మొసలిని చూశారు. పూజ చేయించే అయ్యవారు అటువైపు కూర్చున్నందువల్ల ఆయనకు ఎలుక మూతి తన వైపే పాకుతున్నట్టు కనిపించి, మంత్రాల మధ్య రెండుసార్లు పంచె సర్దుకున్నాడు.

చెరిపేద్దాం మామా అన్నాను. మా అమ్మ విని, చవితినాడు పసుపుకుంకాలు తుడుస్తావా, నీ చేతులు పడిపోనూ అని నన్ను ఇంట్లోకి తరిమింది. అత్తనే అడుగుదామంటే, ఆమె మా అమ్మతో అన్న మాట చాలు: "గుర్తు పెట్టమనె, పెడితిని. ఇప్పుడు ఆ ముగ్గు గూడా నచ్చలేదా ఆయప్పకు?" ఇక చేసేదేముంది? నేనూ మామా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ముగ్గుకు ఆవలి వైపు ఆయన, ఈవలి వైపు నేను నిలబడి, తాటిచెట్టు గాలికి వంగినట్టు పక్కకు వంగి, ఒక్క తలకాయను మాత్రం ముగ్గు మీదుగా చాపి చూసేవాళ్ళం. అట్లా వంగినప్పుడు క్షణంపాటు గని తెరుచుకునేది. అంతలో నడుము పట్టేసేది. జనం మాత్రం మామ దిగులుతో యోగాసనాల్లో పడ్డాడనుకున్నారు. ఒక్క గోడ రాలేదు. పిలిచినవాడు లేడు. నిమజ్జనం ముంచుకొస్తోంది, గుంతకల్లులో టెంపోకు డీజిలు పోస్తున్నారని కబురు కూడా వచ్చింది.

అత్త రోజూ పొద్దున్నే పాత ముగ్గు ఊడ్చి, కల్లాపి చల్లి, అదే చోట కొత్తది వేసేది. వేసేటప్పుడు ముగ్గులోనే కదా కూర్చోవాలి. కానీ తల దించుకుని, బొమ్మకు వీపు పెట్టి కూర్చునేది. నిమజ్జనానికి ముందు రోజు కూడా అట్లే కూర్చుంది. నేను పనికి పోబోతూ చెప్పులు వేసుకుంటున్నాను. మామ ఎదురు గడపలో నిలబడి నోటినిండా పేస్టు నురగతో పళ్ళు తోముకుంటున్నాడు. అంతలో పెద్ద రోడ్డు మీద ఖనిజం లారీ ఒకటి బళ్ళారిని సగం ఎత్తుకుపోతున్నంత ఊపుగా పోయింది. సందులోకి గాలి దూరింది, అత్త పిడికిట్లోని ముగ్గుపిండి లేచి ఆమె ఎడమ కంట్లో పడింది.

ఆమె కన్ను మూసుకుని, చెంగుతో అదుముకుంటూ, నీళ్ళ కోసం లేచి ఇటు తిరిగింది.

ఆ కేక నేను ఈ జన్మకు మరిచిపోను. "యమ్మా! గుంత!" అని అరిచి అత్త వెనక్కి పడబోయింది. మామ ఒక్క గెంతులో సందు దాటి వచ్చి పట్టుకున్నాడు. ఆమె రెండు చేతులతో ఆయన చొక్కాను గుంజి పట్టుకుని, కాళ్ళు కూడదీసుకుని, పడేది తాను కాదు ప్రపంచం అన్నట్టు వణికింది. "ఎంత లోతుండాదిది? లారీలు ఉండాయి లోపల. అంత లోతు యాడినుంచి వచ్చెనప్పా?" అని అడిగింది. మామ చెప్పాలని చూశాడు, నోటినిండా నురగ. బుడగలు వచ్చాయి, మాట రాలేదు. అత్త నెమ్మదిగా రెండో కన్ను కూడా తెరిచింది. గని సగం పూడింది. మూసింది. మళ్ళీ దిగిపోయింది. తెరిచింది, మూసింది. ఎన్నాళ్ళుగానో మొగుడి ముఖం చూడని మనిషి, ఆయన చొక్కా వదలకుండా, ఆ నడివీధిలో కన్ను మూస్తూ తెరుస్తూ నిలబడిపోయింది. గాంధీనగర్ ఇల్లాలు చూసి ఉంటే మా నాయన ఇంకో రుజువు చూపించాల్సి వచ్చేది.

తర్వాత ఆమె చేసిన పని ఆమెకే తగింది. పసుపుకుంకాలను భక్తిగా చేత్తో ఎత్తి తులసికోటలో వేసి, ఆ చోట ఒక గోనెపట్ట మడిచి పరిచింది. గోనెపట్ట కనిపిస్తే తొక్కని మనిషి మన దేశంలో ఉన్నాడా? ఇక కత్తెర పక్కన పడేసి, చీర చెంగు నడుముకు దోపుకుని, ఆ పట్ట పక్కన నిలబడింది. వచ్చినవాణ్ణి వచ్చినట్టు జబ్బ పట్టి దానిమీద నిలబెట్టడం, "సుమ్నె, ఊరికే నిలబడప్పా, ఎడమ కన్ను మూయి, రవ్వ మోకాళ్ళు వంచు" అని దబాయించడం. మోకాళ్ళు ఎందుకంటారా? మామ కొట్టిన మేకు ఎత్తు ఎవరి కంటికి సరిపోయిందో అప్పటికి గానీ నాకు తట్టలేదు. మా అత్త పొట్టి మనిషి. సందులో అందరికంటే పొట్టి. ఊరందరి కోసం వేశానన్న బొమ్మను మామ ఎవరి కంటికి కొలిచి వేశాడో ఆయన్ను అడిగితే, పాపం, చేతికందిన ఎత్తు కొలిచానప్పా అని పైకి చూసి నీళ్ళ ట్యాంకుకు కన్ను కొట్టాడు.

మధ్యాహ్నానికి సందు కిక్కిరిసిపోయింది. కప్పగల్లు నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. ఊరు ఊరంతా వరసగా వచ్చి, ఒక కన్ను మూసి, మోకాళ్ళు వంచి, వినాయకుడి ముందు ఏదో కొత్తరకం కోలాటం ఆడుతున్నట్టు ఉంది. అందరికీ ఒక్కలాగా కనిపించలేదు, అదే వింత. కొందరికి నిలబడీ నిలబడకముందే తెరుచుకునేది. వాళ్ళు ఠక్కున వెనక్కి దూకి, వెనకవాడి కాలు తొక్కేవాళ్ళు. కొందరికి చాలాసేపటికి, పాలు పొంగినట్టు ఉన్నట్టుండి వచ్చేది. ఒక ముసలామె తొంగి చూసి, లోపల లారీలవాళ్ళు అన్నం తిన్నారో లేదోనని అడిగింది. ఒకాయన గంటసేపు నిలబడి ఏమీ కనపడలేదని దిగులుపడి పోతే, అత్త వెనక నుంచి, మళ్ళీ రా, రేపు ఇంకొంచెం తవ్వుతాం అని ఓదార్చింది. అంతలో మా సందు కుక్క, ఎప్పటిలాగే, ఈ గోడ నుంచి ఆ గోడకు గుంత నడిమధ్యగా తీరిగ్గా నడిచిపోయింది. గోనెపట్ట మీదున్న పెళ్ళీడు కుర్రాడొకడు, కుక్క గాలిలో నడుస్తాండాది అని కేక పెట్టాడు. దానికి ఆ సాయంత్రం మూడు ఇళ్ళవాళ్ళు పాలు పోశారు.

మర్నాడు నిమజ్జనం. పొద్దున్నే టెంపో వచ్చి సందు మొదట్లో ఆగింది. అత్త వాళ్ళన్న దిగాడు. మనిషి పొడగరి, కనుబొమల్లో ఎప్పుడూ రవ్వంత పిండి ఉండేది. అత్త ఎదురు వెళ్ళి, సామాన్లు సర్దారా అని ఆయన అడుగుతుంటే వినిపించుకోకుండా, చెయ్యి పట్టి తెచ్చి గోనెపట్ట మీద నిలబెట్టింది. ఆమె ముఖం చూస్తే, పరీక్ష ఆయనకా, తనకా, మామకా తెలియనట్టుంది. మామ గడపలో నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఒక కన్ను మూయి. రవ్వంత వంగు."

"ఏందమ్మా ఇది? కన్ను కొట్టమంటావు, కాళ్ళు వంచమంటావు. నేనేమన్నా కోతినా?"

"ఒక్కసారి చూడన్నా. మా ఆయప్ప వేసినాడు."

"చూస్తానే ఉండానమ్మా. నేల మీద రంగు ఉండాది. ఎలక ఉండాది, అదీ లారీ కింద పడిన ఎలక. గుంత యాడుండాది?"

"వంగన్నా."

"నేను యాడా వంగనమ్మా" అని ఆయన నిట్టనిలువుగా, రెండు కళ్ళూ బార్లా తెరుచుకుని నిలబడి, సామాను ఎక్కించండని టెంపో వాళ్ళకు చెయ్యి ఊపాడు.

అత్త ఆయన ముఖంలోకి చూసింది. ఆయన మంచివాడే, చెల్లెలి కష్టం చూడలేక వచ్చినవాడే. అయినా ఆమె గొంతు తగ్గించి, మాకందరికీ వినపడేలాగే అంది: "టెంపో తిప్పుకోని పో అన్నా. ఈయప్పను తీసుకపోయి నీ మరకాడ కూచోబెడితే పొద్దంతా నువ్వే చూస్తాండాల. నీ కండ్లకు ఈయప్ప కనపడడు."

ఆయనకు కోపం వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది? విసురుగా గోనెపట్ట దిగి, స్వామికి దండం పెట్టుకుని పోదామని నేరుగా ముందుకు నడిచాడు. ఎర్రటి అంచెల మీదుగా, లారీల మీదుగా, ఎలుక మీదుగా. గోనెపట్ట దగ్గర మూగి, అలవాటుగా ఒక కన్ను మూసుకుని ఉన్న జనమంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. అంత లోతు గుంత మీద అంత పెద్దమనిషి గాలిలో నడిచి పోయాడు, ఆ సంగతి తనకు తెలియకుండానే.

మామకు గోడలు వచ్చాయి. కప్పగల్లు రోడ్డులో హోటలు గోడకు జలపాతం వేశాడు. తిన్నవాళ్ళు చేతులు కడుక్కోవడానికి నేరుగా ఆ గోడ దగ్గరికి పోయేవాళ్ళు, హోటలాయన అక్కడొక నిజం కొళాయి పెట్టించక తప్పలేదు. బడి గోడల మీద ఏనుగులూ, రైళ్ళూ వేశాడు. దాంతో మేడలు కట్టారని చెప్తే మీరు నమ్మినా, అత్త నమ్మదు. జీన్సు దారాలు ఆమె ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు కత్తిరించింది. మామ పోయాక ఒకసారి, ఆ రోజు టెంపో తిప్పి పంపినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అత్తా అని అడిగాను. "శానాసార్లు పడితినప్పా. ఆ పొద్దు కంట్లో పిండి పడకపోయింటే గుంతకల్లులో మిద్దె కట్టుకునేదాన్ని" అని, నవ్వి, కాసేపయ్యాక ఇంకోసారి నవ్వుకుంది.

నిమజ్జనమైన రెండో రోజే పెద్ద వాన పడి బొమ్మంతా కాలువలోకి ఎర్రగా కారిపోయింది. ఫోటో ఒక్కటి లేదు; కెమెరా తెచ్చినవాళ్ళు కూడా నోరు తెరుచుకుని నిలబడ్డారే తప్ప, తీయాలని ఎవరికీ తోచలేదు. నేల ఉత్త నేలైంది. అయినా చాలాకాలం మా సందులో జనం నడక మారలేదు. పాలాయన సైకిలు ఆ చోటికి రాగానే పక్కకు తిరిగేది. నీళ్ళబిందెలతో ఆడవాళ్ళు ఓరగా నడిచేవాళ్ళు. నేనే కావాలని ఒకసారి నడుమ నుంచి పోదామని బయల్దేరి, అంచు దగ్గర అడుగు పడక, ఎవరైనా చూశారేమోనని చెప్పు సరిచేసుకున్నట్టు నటించి చుట్టూ తిరిగి పోయాను.

ఇప్పుడు ఆ నేల మీద సిమెంటు మీద సిమెంటు పడింది, దానిమీద రాళ్ళు పరిచారు. పాతవాళ్ళు కొందరు పోయారు, కొందరు ఇళ్ళు అమ్ముకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ, బండ్ల మీద, నడుమ నుంచే దూసుకుపోతుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు, అక్కడ ఏమీ లేదు కదా. ఒక లోతును చూసి నిజంగా భయపడి, పక్కవాడి చొక్కా పట్టుకునే తీరిక మనతోనే పోయిందేమోనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఇవాళ పొద్దున మా వసారాలో కాఫీ తాగుతూ చూస్తున్నాను. అత్త పాల ప్యాకెట్టు కోసం అంగడికి బయల్దేరింది. మోకాళ్ళ నొప్పులు, చేతిలో కర్ర, ఒక్క అడుగు కలిసొచ్చినా చాలని వెతుక్కునే వయసు. సందు నడుమకు రాగానే ఆగి, కర్రతో అంచు తడిమి చూసుకున్నట్టు ఒకసారి తాటించి, పెద్దగా చుట్టు తిరిగి వెళ్ళింది.